రైలు కట్ట మీద సైకిల్ రోజులు

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చి, దర్శనం చేసుకుని, కింద క్యాంటీన్‌లో పులిహోర తిని వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఊళ్లో నేను చాలా ఏళ్లు ఉన్నాను. గుడి గురించి రాసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు కాబట్టి నేను ఇంకోదాని గురించి రాస్తాను. అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, సరిగ్గా ఊరి నడిబొడ్డున, ఒక సైకిల్ దారి మొదలవుతుంది. అక్కణ్ణుంచి 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్ల పైనే, పల్లెలు, అడవులు, కొండలు దాటుకుంటూ మేరీలాండ్‌లోని కంబర్‌ల్యాండ్ దాకా పోతుంది. పేరు గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్. నా ముప్ఫైల్లో, నలభైల్లో వీలు చిక్కిన శనాదివారాలన్నీ దాని మీదే గడిచాయి.

ఇది సైకిళ్ల కోసం కొత్తగా వేసిన దారి కాదు. దాదాపు అంతా పాత రైలు కట్టే. కంబర్‌ల్యాండ్ నుంచి కనల్స్‌విల్ దాకా ఉన్నది వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1912లో పూర్తి చేసిన లైను. అక్కణ్ణుంచి మెకీస్‌పోర్ట్ దాకా పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ వాళ్ల లైను. బొగ్గు, కోక్ (కొలిముల్లో వాడే కాల్చిన బొగ్గు), ఉక్కు మోసిన లైన్లు ఇవి. అదే లోయలో, నదికి అవతలి ఒడ్డున, ఇంకో కంపెనీ లైను కూడా ఉండేది. డెబ్భైల్లో రెండూ ఒకే యాజమాన్యం కిందికి వచ్చాక ఒక లోయకి రెండు లైన్లు ఎందుకనుకున్నారు. 1975లో వెస్టర్న్ మేరీలాండ్ లైను మూతపడింది. పట్టాలు పీకేశారు. కట్ట మిగిలింది, వంతెనలు మిగిలాయి, సొరంగాలు మిగిలాయి. అవతలి ఒడ్డున మాత్రం గూడ్సు బళ్లు ఇప్పటికీ పోతూనే ఉంటాయి. దారి పక్క ఊళ్లలో ఎక్కడ రాత్రి పడుకున్నా వాటి కూత వినిపిస్తుంది.

రైలు కట్ట ఎంత పెద్ద వరమో సైకిల్ తొక్కితేనే తెలుస్తుంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. ఎత్తు కాస్త ఎక్కువైతే ఇంజను బరువు లాగలేదు, చక్రాలు జారిపోతాయి. అందుకని రైలు దారి వేసేవాళ్లు కొండని నేరుగా ఎక్కరు. చుట్టూ తిప్పుతారు, గుట్టని కోస్తారు, పల్లంలో మట్టి పోసి కట్ట లేపుతారు, ఏదీ కుదరకపోతే కొండకి బొక్క పెడతారు. పిట్స్‌బర్గ్‌లో 720 అడుగుల ఎత్తు దగ్గర మొదలైన దారి, 126 మైళ్లు పోయాక 2,392 అడుగులకి చేరుతుంది. అంటే నాలుగు వందల అడుగులు ముందుకెళ్తే ఒక్క అడుగు పైకి. ఎక్కుతున్నట్టే తెలియదు. కంబర్‌ల్యాండ్ వైపు నుంచి అయితే ఆ శిఖరానికి 24 మైళ్లే. అటు సుమారు డెబ్భైకి ఒకటి పడుతుంది. ఇలా లెక్క కట్టడం నాకు సైకిల్ నేర్పలేదు, మా నాయన నేర్పాడు.

మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరి మేస్త్రీగా రిటైరయ్యాడు. గిద్దలూరు, దిగువమెట్ట, చలమ, గాజులపల్లె. నంద్యాల వైపు నల్లమలని దాటే ఆ మీటర్ గేజ్ లైను మీదే ఆయన ఉద్యోగం చాలావరకు. ఎండాకాలం పట్టా మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే వేడిలో గునపాలతో పట్టా సరిచేసి, దిమ్మెల కిందికి కంకర కుక్కి వచ్చేవాడు. సెలవుల్లో నన్ను కూడా లైను వెంట నడిపించేవాడు. పట్టాల పక్కన తెల్లరంగు వేసిన చిన్న బోర్డులు ఉంటాయి, వాటి మీద అంకెలు. ఇక్కణ్ణుంచి ఇంత దూరానికి ఇంత ఎత్తు అని డ్రైవరుకి చెప్పే గ్రేడియంట్ బోర్డులవి. ఒక్కో బోర్డు దగ్గర ఆపి, “ఈడ బండి రొప్పుతాది చూడు,” అనేవాడు. కాసేపటికి బండి వచ్చి నిజంగానే అక్కడే రొప్పేది.

ఆ లైను మీద దొరబావి వంతెన ఉండేది. ఇంగ్లీషు వాళ్ల కాలంలో, 1880లలో కట్టింది. అడవి లోయ మీదుగా ఎత్తైన ఇనుప వంతెన. దాని మీదికి రాగానే బండి నడక తగ్గేది, మాటలు కూడా తగ్గేవి, కిటికీలోంచి చూస్తే చెట్ల తలలు కాళ్ల కింద కనిపించేవి. తొంభైల్లో లైను బ్రాడ్‌గేజ్ చేసినప్పుడు అక్కడ దారి మార్చి కొత్త బొగద, అంటే సొరంగం, తవ్వారు. పాత దారి, ఆ వంతెన వదిలేశారు. మా నాయన చివరి ఏళ్ల ఉద్యోగమంతా కొత్త లైను మీదే. పాత లైను గురించి మాట్లాడమంటే మాత్రం ఇప్పటికీ గంటలు గంటలు మాట్లాడతాడు.

పిట్స్‌బర్గ్‌లో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుడిలో వాలంటీరుగా చేసే ఒకాయన నన్ను ఈ దారికి అలవాటు చేశాడు. అరవై దాటిన మనిషి. మేమంతా ఆయన్ని పెద్దాయన అనే పిలిచేవాళ్లం. శుక్రవారం సాయంత్రం గుడికి వెళ్లి పులిహోర పొట్లాలు కట్టించుకోవడం, శనివారం తెల్లవారుజామున కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని బయలుదేరడం. పులిహోర పొద్దున కంటే మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది, చింతపండు పులుసు మెతుక్కి పట్టి. యాకగేనీ నది ఒడ్డున బల్ల మీద పొట్లాలు విప్పితే పక్క బల్ల దగ్గరున్న అమెరికన్ సైక్లిస్టులు ఆ వాసనకి ఇటు తిరిగేవారు. పెద్దాయన అందరికీ పంచేవాడు. వాళ్లు మాకు ఎండిన పళ్లో, బిస్కెట్లో ఇచ్చేవారు. ఆ దారి మీద పలకరించకుండా ఎవరూ దాటిపోరు. ఊళ్లో అదే మనుషులు లిఫ్టులో పక్కపక్కనే నించుని కూడా మాట్లాడుకోరు.

మొదట్లో మేం తొక్కింది ఊరికి దగ్గరి భాగమే. పిట్స్‌బర్గ్‌లో హాట్ మెటల్ బ్రిడ్జి అని ఉంది. ఒక ఒడ్డున కొలిమిలో కరిగించిన ఇనుము, ద్రవంగానే, బోగీల్లో ఆ వంతెన దాటి అవతలి ఒడ్డున ఉక్కు తయారుచేసే చోటికి పోయేదట. ఇప్పుడు దాని మీద కార్లు, పక్కన సైకిళ్లు. కొంచెం ముందుకెళ్తే హోమ్‌స్టెడ్. 1892 జులై 6న కార్నెగీ ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులకీ, కంపెనీ పిలిపించిన పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ గార్డులు 300 మందికీ తుపాకుల యుద్ధం జరిగింది అక్కడే, నది ఒడ్డునే. ఇరువైపులా మనుషులు చనిపోయారు. అప్పటి పంపు హౌస్ కట్టడం దారి పక్కనే నిలబడి ఉంది. మేం నీళ్లు తాగడానికి ఆగేది అక్కడే.

మెకీస్‌పోర్ట్ దాటాక ఊళ్లు చిన్నవైపోతాయి. బోస్టన్ అనే పల్లె (ఆ పెద్ద బోస్టన్ కాదు), దాని తర్వాత ఒకచోట కొండ మీంచి ఎర్రటి నీళ్లు జారుతుంటాయి. మూసేసిన బొగ్గు గనుల్లోంచి ఇనుము కలిసి వచ్చే నీళ్లవి. రాయంతా తుప్పు రంగు. ఇంకా పైకి వెళ్తే వాన్ మీటర్. అక్కడి డార్ గనిలో 1907 డిసెంబర్ 19న పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. చాలామంది తూర్పు యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు. ఆ రోజు వాళ్ల ఆచారం ప్రకారం సెయింట్ నికొలస్ పండగ అని పనికి రాకుండా చర్చికి వెళ్లినవాళ్లు బతికిపోయారు. పెద్దాయన ఆ చోటు వచ్చినప్పుడల్లా సైకిల్ దిగి నడిచేవాడు. ఎవరూ ఏమీ అడిగేవాళ్లం కాదు, మేమూ దిగి నడిచేవాళ్లం. అమెరికాలో నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నిటికంటే, ఆ కంకర దారి మీద ఆగుతూ ఆగుతూ తెలుసుకున్నదే నాకు బాగా ఒంటబట్టింది.

ఈ 150 మైళ్లూ ఒక్కసారిగా వచ్చినవి కావు. మొదట 1986లో ఒహాయోపైల్ దగ్గర 9 మైళ్లు తెరిచారు. ఒహాయోపైల్ అంటే జలపాతం ఉన్న ఊరు, నది అక్కడ పెద్ద మెలిక తిరుగుతుంది, దారి రెండు వంతెనల మీద ఆ మెలికని అడ్డంగా దాటుతుంది. ఆ 9 మైళ్లకి జనం విరగబడి వచ్చారు. అది చూసి ఊరూరా ముక్కలు ముక్కలుగా పని మొదలైంది. 1995లో ఏడు ట్రైల్ సంఘాలు కలిసి అలెగెనీ ట్రైల్ అలయన్స్ పెట్టుకున్నాయి. లిండా మెకెన్నా బాక్స్ అనే ఆవిడ ఏళ్ల తరబడి దాన్ని ముందుండి నడిపించారు. చెక్క పరిచి వంతెనలు బాగుచేశారు, సొరంగాలు బాగుచేశారు, కంకర నలిపి పరిచారు. 2006 నాటికి కంబర్‌ల్యాండ్ నుంచి మెకీస్‌పోర్ట్ దాకా కలిసింది. ఊరికి దగ్గర్లో, ఒక వాటర్ పార్కు పక్కన, నడుస్తున్న రైలు లైనుకీ గోడకీ మధ్య ఇరుకు చోటు ఒక మైలు మాత్రం చాలా కాలం మిగిలిపోయింది. అది 2013లో పూర్తయింది. ఆ జూన్‌లో పాయింట్ స్టేట్ పార్క్‌లో జరిగిన సంబరానికి మేమూ వెళ్లాం. పెద్దాయన కొత్త టీషర్టు వేసుకుని వచ్చాడు, మనవరాలిని వెంటబెట్టుకుని.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం మాత్రం మైయర్స్‌డేల్ చుట్టుపక్కల ఉంది. అక్కడ సాల్స్‌బరీ వయాడక్ట్ అనే వంతెన, పొడవు 1,908 అడుగులు, ఎత్తు 101 అడుగులు. కింద క్యాసల్‌మన్ నది, హైవే, పక్కనే నడుస్తున్న రైలు లైను. చుట్టూ పొలాలు, కొండల మీద గాలిమరలు. దాని మీద మధ్యకి వెళ్లి ఆగితే గాలికి సైకిల్ హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు కింద గూడ్సు బండి ఒకటి వచ్చింది. బొగ్గు బోగీలు ఒకదాని వెనక ఒకటి, పైనుంచి చూస్తే ఒక్కో బోగీలో బొగ్గు కుప్ప ఆకారం విడివిడిగా కనిపిస్తోంది. ఎంతసేపు చూశానో, చివరి బోగీ పోయేదాకా చూశాను. నాకు నల్లమల గుర్తొచ్చింది, అప్పటికప్పుడు నాయనకి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. నిద్రలోంచి లేచి, “ఎంత ఎత్తుంది?” అన్నాడు. చెప్పాను. “దొరబావి అంతే ఉంటాదేమో. స్తంభాలు రాయా, ఇనుమా?” అన్నాడు. ఇనుమే అన్నాను. “రంగు వేస్తాండారా?” అన్నాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఆయన్ని తీసుకొచ్చి ఇది చూపించాలని.

వీసా, మోకాళ్ల నొప్పులు, అమ్మ ఆరోగ్యం అన్నీ దాటుకుని 2014 శరత్కాలంలో ఇద్దరూ వచ్చారు. అక్టోబర్‌లో ఆ కొండల్లో ఆకులు రంగులు మారతాయి. అమ్మ ఆ రంగులు చూసి ముచ్చటపడింది. నాయన కళ్లు మాత్రం కట్ట మీదే.

కంబర్‌ల్యాండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ దాకా ఈ దారికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ పట్టాలు పీకెయ్యలేదు. వెస్టర్న్ మేరీలాండ్ సీనిక్ రైల్‌రోడ్ అని, పాత లైను మీదే టూరిస్టు రైలు నడుపుతారు. ఒకే కట్ట మీద ఒక పక్క రైలు, ఒక పక్క సైకిళ్లు. కొన్నిచోట్ల మధ్యలో చిన్న కంచె, అంతే. బ్రష్ టన్నెల్ అనే సొరంగంలో కూడా రెండూ పక్కపక్కనే పోతాయి. అందుకని రైలు లోపల ఉన్నప్పుడు సైకిల్ వాళ్లు బయటే ఆగాలి. ఆ రోజుల్లో ఆ బండిని లాగేది 734 నంబరు ఆవిరి ఇంజను, 1916లో బాల్డ్‌విన్ కంపెనీ చేసింది. ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక ఎనిమిది పెద్ద చక్రాలు.

కంబర్‌ల్యాండ్ స్టేషన్ 1913 నాటి ఇటుక కట్టడం. కాలవ, హైవే, రైలు, అన్నీ పడమటి కొండలు దాటడానికి వచ్చి చేరిన ఊరది. వాషింగ్టన్ నుంచి వచ్చే 184.5 మైళ్ల పాత పడవల కాలవ అక్కడితో ఆగుతుంది. ఆ కాలవ గట్టు కూడా ఇప్పుడు సైకిల్ దారే. రెండూ కలిపితే పిట్స్‌బర్గ్ నుంచి రాజధాని దాకా తొక్కుకుంటూ పోవచ్చు. ప్లాట్‌ఫారం మీద ఇంజను ఆవిరి వదులుతూ నిలబడి ఉంది. అమ్మ వెళ్లి బోగీలో కూర్చుంది. నాయన కూర్చోలేదు. పట్టాల పక్కకి దిగి వంగి చూస్తున్నాడు.

“వీళ్లకి కీ లేదా?” అన్నాడు.

మన దగ్గర మీటర్ గేజ్‌లో పట్టాని దిమ్మెకి బిగించడానికి ఇనుప కీలు ఉండేవి. బళ్ల అదురుకి అవి వదులవుతాయి. కీమన్ రోజూ సుత్తి భుజాన వేసుకుని మైళ్లకి మైళ్లు నడుస్తూ వదులైన ప్రతి కీనీ కొట్టి బిగించాలి. అమెరికాలో చెక్క దిమ్మెలోకి దిగ్గొట్టిన పెద్ద మేకులే పట్టాని పట్టుకుని ఉంటాయి. నాయన ఒక మేకు తల మీద బొటనవేలు పెట్టి అదిమి చూశాడు, ఇంకోటి చూశాడు. మూడోది కాస్త పైకి లేచి ఉంది. నాకేసి చూసి, “ఇది చెప్పాల వాళ్లకి,” అన్నాడు. యూనిఫాంలో ఉన్న కండక్టరు అటుగా వస్తుంటే నేను చెప్పాను, మా నాన్న రైల్వేలో పనిచేశాడు, ఈ మేకు చూడమంటున్నాడు అని. ఆయన వంగి చూసి, తల ఊపి, నాయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఒకళ్ల భాష ఒకళ్లకి రాదు. ఇద్దరూ ఆ మేకు కేసి చూపిస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నా సైకిల్‌ని కూడా రైల్లోనే ఎక్కించాను. బండి వంపులు తిరుగుతూ కొండ ఎక్కుతుంటే నాయన కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజను చప్పుడు వింటున్నాడు. “డెబ్భైకి ఒకటి అన్నావు గదా. ఈడ అంతకంటే ఎక్కువే ఉంది,” అన్నాడు. నిజమే. ఫ్రాస్ట్‌బర్గ్ దగ్గర పడేకొద్దీ పట్టాలు ఇంకో పాత కంపెనీ లైను మీదికి మళ్లుతాయి, అది ఇంకా నిటారుగా ఉంటుంది. ఆయన చెవులకి అది చప్పుడులోనే తెలిసిపోయింది.

ఫ్రాస్ట్‌బర్గ్‌లో ఇంజనుని టర్న్‌టేబుల్ మీద తిప్పుతారు. గుండ్రటి గోతిలో పట్టా ఉన్న వంతెన, దాని మీదికి ఇంజను నెమ్మదిగా వచ్చి సరిగ్గా మధ్యలో ఆగాలి. బరువు రెండు పక్కలా సరిపోతేనే సుఖంగా తిరుగుతుంది. జనం చుట్టూ చేరి ఫొటోలు తీస్తున్నారు. నాయన కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను ఆగింది, కాస్త ముందుకి జరిగింది, మళ్లీ ఆగింది. “ఇంగ సరిపోయె,” అన్నాడు నాయన, పక్కనున్నవాళ్లకి వినపడేట్టుగా. అప్పుడు తిరగడం మొదలైంది. మన దగ్గర చిన్న షెడ్లలో మనుషులే తోసి తిప్పేవారని, తాను కూడా ఒకసారి భుజం పట్టానని అమ్మకి చెబుతున్నాడు. పెళ్లయి అన్నేళ్లయినా ఆ సంగతి తనకి తెలియదంది అమ్మ.

తిరుగు ప్రయాణంలో వాళ్లిద్దరూ రైల్లో, నేను సైకిల్ మీద. రైలు కంటే ముందే బయలుదేరాను. దిగుడు కాబట్టి పెడల్ తొక్కే పనే లేదు, బ్రేకు మీద వేళ్లు ఉంటే చాలు. బ్రష్ టన్నెల్ దగ్గరికి వచ్చి పక్కన ఆగాను. ముందు నేల కింద నుంచి చిన్న అదురు వచ్చింది, తర్వాత కూత, తర్వాత ఇంజను. అంత దగ్గరగా, మధ్యలో ఏ ప్లాట్‌ఫారమూ లేకుండా, ఒకే కట్ట మీద నిలబడి ఆవిరి ఇంజనుని చూడటం చలమ దగ్గర చిన్నప్పుడు చూసిందే మళ్లీ. నాలుగో బోగీలోనో ఐదో బోగీలోనో నాయన కనిపించాడు. చెయ్యి ఊపుతాడేమో అనుకున్నాను. గ్యాంగ్‌మన్లు బండి పోతుంటే పచ్చజెండా ఎలా పట్టుకుంటారో అలా చెయ్యి అడ్డంగా చాచి పట్టుకున్నాడు. నేనూ అలాగే పట్టుకున్నాను.

మరుసటి వారం ఆయన సైకిల్ దారి కూడా చూస్తానన్నాడు. మోకాళ్ల వల్ల తొక్కలేడు కాబట్టి పిట్స్‌బర్గ్‌కి దగ్గరి భాగంలో కొంతదూరం నడిపించాను. ముందు ఆయన చూసింది దారి కాదు, పక్క కాలవ. “నీళ్లు నిలిస్తే కట్ట పోతాది. కాలవ బాగుంటే కట్ట వందేళ్లు ఉంటాది,” అని మా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. అక్కడ కాలవ శుభ్రంగా ఉంది. ఎవరు చేస్తారు ఇదంతా, రైల్వేనా అని అడిగాడు. కాదు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే, జీతం ఏమీ లేదు అన్నాను. ఆయన నమ్మలేదు. సరే, వాళ్లు పనిచేసే రోజు తీసుకెళ్లి చూపిస్తానన్నాను.

శనివారం పొద్దున తీసుకెళ్లాను. చలిగా ఉంది, రాత్రి వాన పడింది. రాలిన ఆకులు కాలవలో పేరుకుని తూములకి అడ్డం పడుతున్నాయి. పదిహేను మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్లే. పారలు, ఆకులు లాగే పళ్ల కర్రలు. ఒకావిడ కాఫీ ఫ్లాస్కు తెచ్చింది. నాయన నా దగ్గర్నుంచి చేతి తొడుగులు తీసుకుని, ఏమీ అనకుండా ఒక పార అందుకుని తూము దగ్గరికి దిగాడు. వద్దు నాయనా, మోకాలు అంటే వినలేదు. మిగతావాళ్లు పై ఆకులు లాగుతున్నారు. ఆయన తూము నోట్లో అడుగున పేరుకున్న మట్టిని తియ్యడం మొదలుపెట్టాడు, నీళ్లు వచ్చే వైపు నుంచి కాదు, పోయే వైపు నుంచి. అటు ముందు తీస్తేనే పై బురద దానంతటదే జారుతుంది. కాసేపటికి లోపల గుడగుడమని చప్పుడై నీళ్లు ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఆ పెద్దవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మిగతా తూములన్నీ ఆయన చెప్పినట్టే చేశారు. నేను అనువాదం చేస్తూ వెనకాల తిరిగాను. “నలుగురు మనుషుల్ని పెట్టి చేయించేవాణ్ణి, ఈళ్లు బాగా చేస్తాండారు,” అన్నాడు ఇంటికి వచ్చేటప్పుడు కార్లో. దారిలో గుడికి వెళ్లాం. బురద కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

ఆ వారం తర్వాత నాకు ఈ దారి కొత్తగా కనిపించడం మొదలైంది. రైలు ఉన్నా సైకిల్ ఉన్నా కట్టకి కావలసింది ఒకటే. ఎవరో ఒకళ్లు రోజూ నడుస్తూ చూడాలి, వానకి ముందు కాలవ తియ్యాలి, లేచిన మేకు దిగ్గొట్టాలి. నల్లమలలో ఆ పని చేసినవాళ్లు నా చిన్నప్పుడు మా చుట్టూ క్వార్టర్లలోనే ఉండేవారు. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. 1910లో, 11లో ఈ కొండలు కోసిన వలస కూలీల పేర్లు కూడా ఎక్కడా ఉండవు. వాళ్లు బొగ్గు బళ్ల కోసం తీసిన వాలు మీద నేను, నా భార్య, యాభై దగ్గరపడిన మా స్నేహితులు ఆయాసం లేకుండా కొండలు దాటుతున్నాం. దొరబావి పాత దారిని కూడా ఇలా చెయ్యచ్చు కదా అని కొందరు స్నేహితులు అడుగుతుంటారు. అది పులుల అడవి. అక్కడ జనం తిరగాలని నేను అనను. కానీ మన దగ్గర గేజ్ మార్చినప్పుడు, వంపులు సరిచేసినప్పుడు పక్కన పడేసిన కట్టలు ఊళ్ల మధ్య, పొలాల మధ్య కూడా చాలానే ఉన్నాయి. ముళ్లకంపలు మొలిచి పడి ఉన్నవాటిని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. బడికి సైకిల్ మీద పోయే పిల్లలకి లారీలు లేని చదునైన దారి అంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

నాయన అమెరికాలో ఉన్న ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా చూపించాను, బిగ్ సావేజ్ సొరంగం. దాదాపు 3,300 అడుగుల పొడవు. లోపల దీపాలుంటాయి, ఎండాకాలంలో కూడా చల్లగా వణుకు పుట్టిస్తుంది. కంబర్‌ల్యాండ్ వైపు బయటికి రాగానే కొండల వరస ఒకదాని వెనక ఒకటి కనిపిస్తుంది. అవతలి వైపు కొంచెం దూరంలోనే ఆ 2,392 అడుగుల శిఖరం. అక్కడ తూర్పున పడిన వాన అట్లాంటిక్ వైపు పోతుంది, పడమట పడింది ఒహాయో, మిసిసిపీ నదుల్లో కలిసి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి పోతుంది. చలికాలం సొరంగం లోపలికి కారే నీళ్లు గడ్డకట్టి గోడలు పాడవకుండా డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా తలుపులు వేసేస్తారు. ఈ మాట విని నాయన ఆశ్చర్యపోయాడు. “బొగదకి తలుపులా?” అని పదేపదే అడిగి, దగ్గరికి వెళ్లి ఆ తలుపుల బిజాగిరీలు చూసి వచ్చాడు.

పెద్దాయన ఇప్పుడు లేరు. 734 ఇంజను కూడా పనిలోంచి తప్పుకుంది. 2021 చివర్లో 1309 అనే ఇంకా పెద్ద ఇంజనుని బాగుచేసి లైను మీదికి తెచ్చారు. అది 1949లో తయారైంది, రెండు జట్ల పెద్ద చక్రాలు, జట్టుకి ఆరు. వీడియో పంపితే నాయన పన్నెండు చక్రాలూ లెక్కపెట్టుకుని, ఈ బరువుకి వంపుల్లో పట్టా ఎంత అరుగుతుందో అని టెన్షన్ పడ్డాడు. మేం పిట్స్‌బర్గ్ వదిలి వేరే ఊరికి మారినా ఏటా ఆకులు రాలే రోజుల్లో ఒకసారి, వసంతంలో ఒకసారి వెళ్తూనే ఉన్నాం. ఏప్రిల్ మొదటి వారం వచ్చిందంటే గిద్దలూరు నుంచి ఫోన్ వస్తుంది. కుశలాలకంటే ముందు అడిగేది ఒకటే, “బొగద తలుపులు తీసినారా?” అని. ఈ ఏడు తీశారు నాయనా, మా అమ్మాయి మొదటిసారి కంబర్‌ల్యాండ్ వైపు నుంచి ఎక్కుతానంటోంది అని చెప్పాను. డెబ్భైకి ఒకటి, నిమ్మళంగా ఎక్కమను, తూముల దగ్గర కాస్త ఆగి నీళ్లు పోతున్నాయో లేదో చూసి రమ్మను అన్నాడు.